మూరెడు కుట్టు

ఆ కుట్టు తనది కాదు.

పొద్దుట్నించీ మీరా హుస్సేన్ ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. ఇప్పుడు మళ్ళీ అనుకున్నాడు, మంచం మీది పరుపును కిందికి లాగి, గది మధ్యలో బండల మీద పరిచి, కాళ్ళవైపు ఎడమ మూల దగ్గర గొంతుక్కూర్చుని. గోడ గడియారంలో రెండూ పది. భార్య కరీమున్ గుంటూరు నుంచి వచ్చే బస్సు మూడున్నరకి పర్చూరు సెంటర్లో ఆగుతుంది. అక్కణ్ణించి ఇంటికి నడక పది నిమిషాలు. అంటే అతని చేతిలో గంటన్నర ఉంది. విప్పడానికి పది నిమిషాలు, లోపల వెతకడానికి అరగంట, మళ్ళీ ఏమీ జరగనట్టు కుట్టెయ్యడానికి ఇంకో అరగంట. ఏదైనా దొరికితే మాత్రం కుట్టనక్కర్లేదు. పరుపును అలాగే నోరు తెరిచి ఉంచుతాడు. ఆమె గుమ్మంలోకి రాగానే దొరికినదాన్ని చూపిస్తాడు, భుజం మీది సంచి కూడా దించనివ్వకుండా, వచ్చిన దారినే వాళ్ళ తమ్ముడింటికి పొమ్మంటాడు. ఇరవై రెండేళ్ళ కాపురం ఈ మధ్యాహ్నంతో సరి. అలా అనుకున్నప్పుడు గుండె ఝల్లుమంటుందేమోనని ఆగి చూసుకున్నాడు. గుండె ఏమీ అనలేదు. మోచేయి మాత్రం దురద పెట్టింది.

మూరెడు పొడవుంది ఆ కుట్టు. పొద్దున ఎండలో వేద్దామని పరుపు తిరగేస్తే కంటపడింది. తను కుట్టిన పరుపు కాబట్టి తన కన్ను దాని మీద ఆగకుండా జారిపోవాలి, కానీ ముల్లు గుచ్చుకున్నట్టు అక్కడే ఆగిపోయింది. అతని కుట్టు బొటనవేలి గోరంత ఉంటుంది, కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం కూడా అంతే, మూడు కుట్లకో ముడి. తండ్రి నేర్పిన లెక్క అది, కళ్ళు మూసుకుని కుట్టినా తప్పదు. ఇదేమో రెండు వేళ్ళ వెడల్పున పొడుగ్గా, ఒకటి ఇటు వాలి ఒకటి అటు వాలి, తాగినవాడు నడిచినట్టు పోయింది. దారం రెండు పేటలు. ముడే లేదు. పోనీ కరీమున్ కుట్టిందా అంటే, పోయిన ఏడాది అతని వేళ్ళ కణుపులు వాచి దబ్బనం పట్టడం మానేసినప్పట్నుంచీ పరుపుల కొట్లో చేతికుట్టంతా ఆమెదే, ఆమె కుట్టు చీమలబారు లాగా ఉంటుంది, వెయ్యి కుట్లలో పోలుస్తాడు. ఇది ఆమెదీ కాదు. మరి ఎవరిది? ఎవరో ఈ ఇంట్లోకి వచ్చారు. అతను కొట్లో ఉన్నప్పుడు వచ్చి, ఈ గదిలో కూర్చుని, ఈ పరుపు కోసి, లోపల ఏదో పెట్టి, దొంగచేత్తో గబగబా కుట్టేసి వెళ్ళారు. దుప్పటి మార్చేది కరీమున్. వారానికి రెండుసార్లు మారుస్తుంది. ఆమెకి తెలియకుండా ఇది జరగదు.

పరుపు కుట్టేవాణ్ణి అనుమానించడం ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఆనవాయితీ. పాత పరుపు విప్పి దూది ఏకి మళ్ళీ కుట్టమని ఇంటికి పిలుస్తారు, పిలిచి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటారు, మంచి దూది సంచిలో దాచి తుక్కు కలుపుతాడేమోనని. నాయన విల్లు పట్టుకుని టంగు టంగుమని ఏకుతుంటే, దూది పొగమంచులా లేస్తుంటే, పక్కన ఏడేళ్ళ మీరా హుస్సేన్ గింజలు ఏరుతుంటే, ఇంటావిడ కన్ను ఆర్పేది కాదు. వాళ్ళు మన చేతులే చూస్తారురా, మొహం చూడరు, చేతులు బాగా ఉంచుకో అనేవాడు నాయన. ఆ మాట అప్పుడు నవ్వులాటగా ఉండేది. నాయన పోయాడు, విల్లు పోయి మిషను వచ్చింది, అయినా కుర్చీ మాత్రం పోలేదు. చిన్నప్పట్నుంచీ ఒకరి అనుమానం కింద కూర్చుని పనిచేసినవాడికి అనుమానం ఎలా ఉంటుందో బాగా తెలుసు. అది అరవదు. కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, అంతే. ఇవాళ ఆ కుర్చీలో తను కూర్చున్నాడు.

పరుపుల్లో ఏముంటాయో పడుకునేవాళ్ళకి తెలియదు, విప్పేవాళ్ళకి తెలుస్తుంది. చెవిపోగులు, పిన్నీసులు, పాలపళ్ళు, ఒకసారి ఉత్తరాల కట్ట. పదకొండేళ్ళ కిందట సుబ్బరావమ్మ గారి పరుపులో చేతబడి చేసినట్టు ఒక మూట దొరికింది. ఎర్రగుడ్డలో ఏడు ఎండుమిరపకాయలు, వాటికి చుట్టిన ఆడవాళ్ళ వెంట్రుకలు. అతనే చూశాడు, అతనే పైకి తీశాడు, ఎదురుగా కుర్చీలో కూర్చున్న సుబ్బరావమ్మ గారి ఒళ్ళో పెట్టాడు, తీసి పెట్టినందుకు ఒక రకం గర్వం కూడా పడ్డాడు. ఆవిడ పెద్ద కోడలు ఆ సాయంత్రమే పుట్టింటికి పోయింది. నేను కాదత్తయ్యా అని ఆ పిల్ల వాకిట్లో నిలబడి అన్న మాట ఒకటే మాట, అదే మాట పదిసార్లు. నాలుగేళ్ళ తర్వాత ఏదో పెళ్ళికి దిళ్ళు కుట్టడానికి వెళ్తే, సుబ్బరావమ్మ గారు మామూలుగా, కాఫీ ఇస్తూ చెప్పింది, ఆ మూట మా అమ్మ పెట్టిందంటయ్యా, నా పెళ్ళినాటి పరుపులో, పీడకలలు రాకుండానంట, మా మేనత్త చెప్పింది ఈమధ్యే. మరి కోడలు అని అడగబోయి ఊరుకున్నాడు. ఆ పిల్ల మళ్ళీ రాలేదు. ఇప్పుడెందుకు గుర్తొచ్చింది ఇది? గుర్తు రాకూడదు. అది వేరు, ఇది వేరు. అక్కడ కుట్టు చెదరలేదు. ఇక్కడ కుట్టే సాక్ష్యం.

కత్తెర కోసం గోడమేకు చూశాడు. లేదు. అదొకటి. ఇరవై ఏళ్ళుగా ఆ మేకుకి వేలాడిన కత్తెర నెల్లాళ్ళుగా మాయం, మొన్న బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే అడుగున చల్లగా తగిలింది. కత్తెర బియ్యంలో ఎందుకు దాస్తారు? అప్పుడేమీ అడగలేదు, తీసినట్టు తెలియకుండా మళ్ళీ బియ్యంలోనే కప్పెట్టాడు. అడిగితే జాగ్రత్తపడతారు. అనుమానం ఉన్నవాడు అడగకూడదు, చూడాలి. వంటగదిలోకి వెళ్ళి డబ్బా మూత తీసి మోచేతిదాకా చెయ్యి దించాడు. బియ్యం మోచేతి పగుళ్ళలోకి దిగి చురుక్కుమంది.

మోచేతులతోనే మొదలైంది ఇదంతా. మూడేళ్ళ కిందట మిరప కల్లాల కాలంలో, కొట్టు బేరం లేక, స్నేహితుడు యలమందతో కలిసి తాలు కాయలు ఏరడానికి వెళ్ళాడు. మంచి కాయ ఒక పక్క, రంగు పోయిన తాలు కాయ ఒక పక్క, ఎర్రటి సముద్రం మధ్య పొద్దుట్నించీ సాయంత్రందాకా. ఆ కాలంలో ఇక్కడ చేతులు మండనివాడు ఎవడు? మోచేతి మీద ఎర్రగా లేచి పైన తెల్లగా పొక్కు కట్టినప్పుడు యలమంద చూసి నవ్వాడు. మిరప మంటరా, పెళ్ళికొడుకులా ముట్టుకుంటే కందిపోతావు నువ్వు, మజ్జిగ రాసుకో. మజ్జిగ రాశాడు, కొబ్బరినూనె రాశాడు, కల్లాలు అయిపోయాయి, కాయంతా కోల్డ్ స్టోరేజీకి పోయింది, వానలు పడ్డాయి, పత్తి పూసింది, అందరి చేతులూ చల్లబడ్డాయి. అతనివి చల్లబడలేదు. మోకాళ్ళకి వచ్చింది, తల్లోకి వచ్చింది, నడుముకి, అరచేతులకి వచ్చింది. గుంటూరు బ్రాడీపేట డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి సొరియాసిస్ అంది, అంటుకోదు అంది, ఎవరు ఎవర్ని ముట్టుకున్నా రాదు అంది. ఆ మాట ఒక కాయితం మీద రాసిమ్మని అడిగాడు, కొట్లో అంటించుకుందామని. ఆవిడ నవ్వి రాసిచ్చింది. అంటించాడు కూడా. సుబ్బరావమ్మ గారు ఆ కాయితం ముందే నిలబడి, అంతా చదివి, ఏమనుకోకు హుస్సేనూ, మా చిన్నకోడలు కడుపుతో ఉంది, ఆ చేతుల్తో మా పరుపు ముట్టుకోకయ్యా అంది. ఏమనుకోలేదమ్మా అన్నాడు. అప్పట్నుంచీ ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా, మిషను దగ్గర చేతికి తొడుగులు.

కానీ పగలు పరవాలేదు. పగలు మిషను చప్పుడుంటుంది, మనుషులుంటారు, చేతికి పనుంటుంది. దీపం ఆర్పగానే మొదలవుతుంది. ముందు మోకాలి వెనక, ఎవరో మెత్తగా పిలిచినట్టు. గోకకూడదు. పక్కకి తిరుగుతాడు. నడుము పలుకుతుంది. వెల్లకిలా తిరుగుతాడు. తల. గోకకూడదని చేతులు తొడల కింద పెట్టుకుని పడుకుంటాడు, దొంగని కట్టేసినట్టు, అప్పుడు ఒళ్ళంతా ఒకేసారి మాట్లాడుతుంది. లారీలు మిరప బస్తాలు వేసుకుని గుంటూరు వైపు పోతుంటాయి, వాటి చప్పుడుని బట్టి టైము చెప్పగలడు. లేచి పెరట్లోకి పోయి తడితువ్వాలు కప్పుకుని కూర్చుంటాడు. ఊరంతా నిద్రపోతుంటుంది, అందులో సగం ఇళ్ళు తను కుట్టిన పరుపుల మీదే, ఎవడి పరుపు ఎక్కడ పల్లం పడిందో కూడా చెప్పగలడు, ఆ సంగతి తలుచుకుంటే మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత కోపం వచ్చేది, ఆ తర్వాత ఇంకేదో వచ్చింది, దానికి పేరు తెలియదు. వాళ్ళంతా కావాలనే నిద్రపోతున్నట్టు ఉండేది. తనని వదిలేసి.

నిద్ర ఎలా పడుతోంది అని అడిగింది డాక్టరమ్మ, పోయినసారి. చర్మం చూపించడానికి వస్తే నిద్ర సంగతి దేనికి? బాగానే పడుతోందండి అన్నాడు. ఆవిడ కలం కింద పెట్టింది. మనసెలా ఉంటోంది, దిగులుగా ఉంటోందా, ఎవరిమీదైనా ఊరికే కోపమొస్తోందా, ఇంట్లోవాళ్ళని చూస్తే ఏమనిపిస్తోంది? అప్పుడే అతనికి అర్థమైంది. పక్కన కరీమున్ తల వంచుకుని కూర్చుంది. ఆవిడకి ఈమె ముందే ఏదో చెప్పింది. లేకపోతే ఇంట్లోవాళ్ళ ప్రస్తావన ఎందుకొస్తుంది? నాకేం పిచ్చి లేదండి అన్నాడు. పిచ్చని నేనన్నానా అంది డాక్టరమ్మ. దురదకి మాత్ర రాసింది, పడుకునేముందు ఒక్కటే, కొంచెం మత్తుగా ఉంటుంది, ఎక్కువ వేసుకోకూడదు అంది. ఒక్కటి వేసుకుంటే దురదకి తెలియను కూడా తెలియలేదు. రెండు వేసుకున్నాడు. వేసవి ముదిరాక మూడు. అప్పుడు మాత్రం రాత్రి మధ్యలో ఎక్కడో నేల తప్పిపోయేది, తెల్లారి లేచేసరికి నోరు పిడచకట్టుకుని, ఒక్కోసారి పెరట్లో పడుకుని, గోళ్ళలో దూది ఇరుక్కుని, సగం రాత్రి ఎటు పోయిందో తెలిసేది కాదు. అది నిద్ర కాదు. నిద్రపోయినవాడికి తేలిగ్గా ఉండాలి కదా.

కరీమున్ కూడా నిద్రపోదు. నిద్రపోయినట్టు నటిస్తుంది. గోడవైపు తిరిగి పడుకుంటుంది, కానీ ఊపిరి అబద్ధం చెప్పదు, నిద్రలో ఊపిరికి ఒక తూగు ఉంటుంది, ఆమెది తూగదు, వింటూ ఉంటుంది. నెల్లాళ్ళుగా వీధి తలుపుకి లోపల తాళం వేస్తోంది, తాళంచెవి జాకెట్లో పెట్టుకుంటోంది. ఎందుకే అంటే, దొంగలు తిరుగుతున్నారంట అంది. పర్చూరులో ఏ దొంగ? తెల్లారకముందే లేచి, అతని పక్కలో రాలిన చర్మపు పొట్టుని చీపురుకట్టతో కాదు, చేత్తో దులుపుతుంది, అతను లేవకముందే. అసహ్యమేమో. అసహ్యం లేనివాళ్ళు అంత నిశ్శబ్దంగా దులపరు. పెరట్లో నిలబడి ఫోన్లో గుసగుసలు, అతను వెళ్తే, సరే తమ్ముడూ ఉంటాను అని పెట్టెయ్యడం. ఇవాళ పొద్దున్నే, మా తమ్ముడు రహమాన్ కూతురికి జ్వరమంట, చూసొస్తాను అంది. సరే అన్నాడు. పదకొండింటికి ఫోన్లో రహమాన్ స్టేటస్ చూశాడు. మంగళగిరిలో ఎవరిదో పెళ్ళి. రహమాన్, పెళ్ళాం, ఆ జ్వరం కూతురు కొత్త గౌనులో, ముగ్గురూ నవ్వుతున్నారు. కరీమున్ లేదు. గుంటూరులో తమ్ముడి ఇంటికి తాళం వేసి ఉంటే ఈమె పొద్దుట్నించీ ఎక్కడుంది? ఎవరి దగ్గరుంది? ఈ కుట్టు కుట్టినవాడి దగ్గరా?

కత్తెర మొన కుట్టు కిందికి దూర్చాడు. రెండు పేటల దారం, గట్టిగానే ఉంది. టప్. మొదటి కుట్టు తెగింది. సగందాకా, జానెడు మేర కోశాడు, చెయ్యి పట్టేంత. మిగతా జానెడు అలాగే ఉంచాడు, ఎవరికైనా చూపించాల్సి వస్తే సాక్ష్యంగా ఉంటుంది. చెయ్యి లోపలికి పెట్టాడు. వెచ్చగా ఉంది లోపల. దూదికి ఒక వేడి ఉంటుంది, మనిషి పడుకుని పడుకుని వదిలిన వేడి. వేళ్ళతో తడిమాడు, గుడ్డ తగులుతుందేమో, తాయెత్తు రేకు తగులుతుందేమో, ఎండిపోయిన నిమ్మకాయ తగులుతుందేమో. గుప్పెడు దూది బయటికి లాగాడు. ఇంకో గుప్పెడు. పాత దినపత్రిక ఒకటి పక్కన పరుచుకుని, వెలుతురు కోసం కిటికీ రెక్క తెరిచాడు. ఎండ గదిలోకి కొలిమి మూత తీసినట్టు పడింది. దూది లేచింది, ముక్కులోకి, కనురెప్పల మీదికి, చెమట పట్టిన మెడ పగుళ్ళలోకి. మండుతోంది. మండనీ. దూదిని పొరపొరగా విడదీసి, నాయన గింజలు ఏరమన్నప్పుడు ఏరినట్టే, వేలి కొసలతో నలిపి చూశాడు. ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఉంటుంది. లేకపోతే ఎందుకు కుడతారు? ఒకడి పరుపు ఊరికే ఎవరైనా కోసి కుడతారా? మోచెయ్యిదాకా పెట్టాడు, భుజందాకా పెట్టాడు, చెంప పరుపుకి ఆనింది, ఒంటికి రాసుకునే తారు మందు వాసన కొట్టింది. తన వాసనే. ఇరవై రెండేళ్ళు ఈమె పక్కన పడుకుంది, అందులో మూడేళ్ళు ఈ వాసన పక్కన.

ఏమీ లేదు. దూదిలో తెల్లగా ఏవో తగిలితే గోటితో తీసి కాయితం మీద పెట్టాడు. మంత్రించిన బియ్యపు నూకలేమో అనుకున్నాడు. ఇంకా తీశాడు. దుప్పట్లోంచి, గుడ్డ నేతలోంచి, పాత రంధ్రాల్లోంచి లోపలికి దిగినవి. పల్చగా, అభ్రకం ముక్కల్లా. ఒకటి వేలిమీద పెట్టుకుని వెలుతురుకి పట్టి చూసేదాకా తెలియలేదు. తన పొట్టే. తన ఒంటిమీంచి రాలినదే. అయినా ఏరడం ఆపలేదు, ఎందుకాపలేదో తెలియదు, ఒక్కొక్కటే తీస్తూ పోయాడు, కాయితం మీద చిన్న కుప్ప అయింది. తలెత్తి గడియారం చూస్తే మూడూ ఐదు. ఇంతసేపు ఎక్కడికి పోయింది?

దొరకలేదంటే లేదని కాదు. దొరక్కుండా పెట్టారు. లేదా పెట్టి, పని అయ్యాక తీసేశారు. ముందు కుట్టెయ్యాలి, ఆమె వచ్చేలోపు, ఆమెకి తెలియకూడదు. దూది లోపలికి కూరాడు, అది లోపలున్నప్పటికన్నా రెట్టింపైనట్టుంది. దబ్బనంలోకి దారం ఎక్కించబోతే ఒంటి పేట జారిపోతోంది, వాచిన వేళ్ళకి పట్టు దొరకడం లేదు. రెండు పేటలు చేశాడు. అప్పుడు నిలిచింది. అరచేతి పగులు తెరుచుకోకుండా బొటనవేలు దూరంగా పెట్టి, చూపుడువేలు వంగదు కాబట్టి దబ్బనాన్ని పిడికిట్లో పట్టి పొడిచాడు. పొడిచి లాగాడు. గోరంత దూరంలో పొడుద్దామంటే మొన ఎక్కడో దిగుతోంది. ఎక్కడ దిగితే అక్కడే. లాగు. పొడువు. మూడు కుట్లకో ముడి వెయ్యాలి, కానీ ముడి వెయ్యడానికి రెండు వేళ్ళు కలవాలి, కలవడం లేదు. పరవాలేదు, ముడి లేకుండా పోనీ. ఎనిమిది నెలలయింది దబ్బనం పట్టి. అలవాటు తప్పితే ఎవడికైనా ఇంతే. జానెడు పూర్తయింది. దారం పళ్ళతో తెంపి, వెనక్కి వాలి, చెమట తుడుచుకుని, మనిషి తను చేసిన పనిని ఒకసారి చూసుకున్నట్టు చూసుకున్నాడు.

కోసి కుట్టిన జానెడు. కోయకుండా ఉంచిన జానెడు. రెండు వేళ్ళ వెడల్పు కుట్లు, ఒకటి ఇటు వాలి ఒకటి అటు వాలి, రెండు పేటల దారం, ముడి లేదు. ఎక్కడ ఒకటి ఆగి ఎక్కడ రెండోది మొదలైందో వెతికాడు. వెయ్యి కుట్లలో ఒకదాన్ని పోల్చే కన్ను అది. మధ్యలో అతుకు ఎక్కడుందో దానికి కనిపించలేదు.

అదే చెయ్యి.

ఎవడో తన చేతిలాగా కుట్టాడు అనుకోబోయాడు. తన ఇప్పటి చెయ్యి ఎలా కుడుతుందో తనకే ఇప్పటిదాకా తెలియదు. ఇంకెవడికి తెలుస్తుంది? మెదడు ఇంకో దారి వెతికింది, ఇంకోటి వెతికింది, ప్రతి దారీ ఈ గదికే వచ్చింది, ఈ నేల మీదికే, ఈ దబ్బనం దగ్గరికే. ఎప్పుడు? ఏ రాత్రి? గోళ్ళలో ఇరుక్కున్న దూది కొట్లోదని ఎందుకనుకున్నాడు, కొట్లో తొడుగులు వేసుకునేవాడు కదా. ఇప్పటిదాకా ఇంట్లోకి ఎవరో వచ్చారని భయపడ్డాడు. వచ్చినవాడు బయటికే పోలేదు.

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడు ఆగింది. కరీమున్. భుజాన సంచి, నెత్తిన కొంగు, మొహమంతా బస్సు దుమ్ము. పరుపు చూసింది, దూది చూసింది, కాయితం మీది కుప్ప చూసింది, చివరికి అతని చేతిలో దబ్బనం చూసింది. అరవలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. అదే అతన్ని భయపెట్టింది.

“పగలు కూడా మొదలుపెట్టావా” అంది.

“పగలు కూడా అంటే?”

ఆమె గుమ్మం దాటలేదు. “మెలకువగానే ఉన్నావా? నా పేరేందో చెప్పు.”

“నీకేమన్నా పిచ్చా?”

“చెప్పయ్యా.”

“కరీమున్.”

అప్పుడు లోపలికి వచ్చింది. సంచి దించి, అతనికి రెండడుగుల దూరంలో నేలమీద చతికిలబడి ఊపిరి పీల్చుకుంది. “ఆ రాత్రి అడిగితే మీ అమ్మ పేరు చెప్పావు.”

“ఏ రాత్రి?”

“రంజాన్ నెల్లో. తెల్లవారుజామున సహరీ తిందామని లేచాను. దీపం లేదు, నువ్వు ఇక్కడే ఇట్లాగే కూర్చుని కుడుతున్నావు. ఒళ్ళో కత్తెర. మొదట ఎంత పిలిచినా పలకలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను మాత్రం చూట్లేదు. ఇంకోరోజు వీధి తలుపు తీసుకుని సెంటరుదాకా పోయావు, నీ వెనకే వచ్చాను, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. తెల్లారి నీకేం గుర్తులేదు. నువ్వు చెప్తావని చూశా. నువ్వు చెప్పలా.”

“నువ్వెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఏమనేవాడివి? నేనూ మా తమ్ముడూ కలిసి నిన్ను పిచ్చోణ్ణి చేస్తున్నామనవూ?”

సరిగ్గా అదే అనుకుంటున్నాడు, ఈ క్షణంలో కూడా. అక్కాతమ్ముళ్ళు కూర్చుని అల్లిన కథలాగే ఉంది, ఎక్కడికక్కడ అతికింది, అంత బాగా అతికేవి కథలే. “ఇవాళ ఎక్కడికి పోయావు? రహమాన్ మంగళగిరిలో ఉన్నాడు.”

“బ్రాడీపేటకి. డాక్టరమ్మ దగ్గరికి” అంది ఆమె, దొరికిపోయానన్న తడబాటేమీ లేకుండా. “జ్వరమని అబద్ధమాడాను. ఈ జబ్బున్నవాళ్ళకి నిద్ర పట్టదంట, మనసు కూడా పాడవుతుందంట, ఒంటికి మాత్రం మందు రాసి ఆ రెంటినీ వదిలేస్తే లాభం లేదంది. నిద్రలో లేచి తిరుగుతున్నాడంటే, ఆ దురద మాత్రలు రోజుకెన్ని వేసుకుంటున్నాడని అడిగింది. ఒకటే అని చెప్పాను. ఆవిడ నమ్మలా.”

“ఒకటే” అన్నాడు.

కరీమున్ అతని కళ్ళలోకే చూసింది.

“మూడు” అన్నాడు.

ఆమె తల ఊపింది, తిట్టలేదు. వీధిలో ఎవరో స్కూటరు ఆపి, హుస్సేనన్నా కొట్టు తియ్యలేదే అని కేకేసి, జవాబు లేకపోతే పోయారు. అతను కుట్టు వైపు చూశాడు. ఆమె మాటల్లో ఎక్కడైనా అతుకు దొరకొచ్చు. ఈ మూరెడులో దొరకడం లేదు. నలభై ఏళ్ళుగా అతని కన్ను కుట్టు విషయంలో అబద్ధం చెప్పలేదు.

“ఆ రాత్రి నేనేమన్నా అన్నానా?”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తుడవాల్సినదానికన్నా ఎక్కువసేపు తుడుచుకుంది. “లోపల నా తోలు పడిపోయింది, ఎవరన్నా చూసేలోపు ఏరెయ్యాలి అన్నావు. సుబ్బరావమ్మ గారు కుర్చీలో కూర్చుని చూస్తోందన్నావు. నేను కూడా చేత్తో ఏరి పోశాను, ఏం చెయ్యను, అప్పుడుగానీ పడుకోలేదు నువ్వు.”

కాయితం మీది తెల్లటి కుప్ప కిటికీ గాలికి అంచున కదులుతోంది. అతను దాన్ని చేత్తో మూయబోయి ఆగిపోయాడు.

“డాక్టరమ్మ ఎప్పటిదాకా ఉంటుంది?”

“ఎనిమిదింటిదాకా. నిన్ను తీసుకురమ్మంది. ఐదింటికి బస్సుంది.”

“పోదాం” అన్నాడు. “అక్కడ నువ్వే చెప్పు. నేను చెప్పేవాటిల్లో ఏది జరిగిందో ఏది జరగలేదో నాకు తెలియట్లేదు.”

“నేను చెప్పేది నమ్ముతావా మరి?”

నమ్ముతానని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆమె ఎదురుచూస్తోందని కూడా తెలుస్తోంది. కానీ ఇవాళ్టికి ఒక్క అబద్ధమైనా తగ్గించాలనిపించింది. “ఇంకా లేదు కరీమూ” అన్నాడు. “అయినా నువ్వే చెప్పు. నేను మధ్యలో కాదన్నా ఆపొద్దు.”

కరీమున్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.

“చొక్కా మార్చుకో. దూదంతా నెత్తినే ఉంది.”